పాత కారు తడబడితే... లైటు చెప్పేది ఎంత? మనం తేల్చుకోవలసింది ఎంత?



మా బ్యాచీల వాళ్ళలో కొందరం ఇప్పుడు ఆటోనగర్ షెడ్లలో పనిచేస్తున్నాం. కొందరం పాత కారు కొనుక్కుని టాక్సీ తిప్పుకుంటున్నాం. హాస్టల్ జ్ఞాపకాలు రాసేవాళ్ళు ఎలాగూ చాలామంది ఉంటారు కాబట్టి, మేము మాకు తెలిసిన పని మీద ఒక పాఠం రాద్దామనుకున్నాం. పదో తరగతి అయ్యాక ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడులో చేరాలనుకునే తమ్ముళ్ళకు ఇది మొదటి పాఠంగా పనికొస్తుంది. సెకండ్ హ్యాండ్ కారు మీద కుటుంబాన్ని నడుపుకుంటున్న పూర్వ విద్యార్థులకు డబ్బు మిగులుస్తుంది.

పాఠం పెట్రోలు కార్ల గురించి. సమస్య అందరికీ తెలిసినదే. యాక్సిలరేటర్ తొక్కగానే బండి ముందుకు పోకుండా ఒక్క క్షణం ఆగుతుంది, జర్కు ఇస్తుంది, తర్వాత ఎత్తుకుంటుంది. షెడ్డు భాషలో "మిస్ కొడుతోంది", "పికప్ లేదు" అంటాం. దానితోపాటు మీటరు బోర్డు మీద పసుపు రంగులో ఇంజన్ బొమ్మ వెలుగుతుంది. అప్పుడు ఏం చేయాలి?

తడబాటు ఎందుకు వస్తుంది?

పెట్రోలు ఇంజన్ నడవడానికి నాలుగు కావాలి. సరిపడా గాలి, దానికి తగిన పెట్రోలు, సరైన సమయంలో నిప్పురవ్వ, సిలిండర్లో తగినంత ఒత్తిడి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే ఆ మిశ్రమాన్ని 'లీన్' అంటారు. పెట్రోలు ఎక్కువైతే 'రిచ్' అంటారు.

నాలుగు స్ట్రోకుల ఇంజన్లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండర్ ఒకసారి మండుతుంది. అంటే నిమిషానికి 3,000 చుట్ల వేగంలో ఒక్కో సిలిండర్ సెకనుకు 25 సార్లు మండాలి. నాలుగు సిలిండర్ల బండిలో సెకనుకు 100 మంటలు. వాటిలో కొన్ని తప్పిపోతే మనకు జర్కు తెలుస్తుంది.

యాక్సిలరేటర్ తొక్కిన మొదటి క్షణమే ఇంజన్‌కు కష్టమైన క్షణం. థ్రాటిల్ తెరుచుకోగానే గాలి ఒక్కసారిగా లోపలికి దూసుకుపోతుంది. పెట్రోలు అంత వేగంగా అందకపోతే మిశ్రమం లీన్ అయి మంట తప్పుతుంది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడు అది కార్బురేటర్ బండి. కార్బురేటర్లో ఈ క్షణం కోసమే ఒక చిన్న పంపు ఉండి, తొక్కగానే కాస్త పెట్రోలు అదనంగా చిమ్మేది. ఇంజెక్షన్ బండ్లలో ఆ పని కంప్యూటరుది. కంప్యూటరుకు కళ్ళు, చెవులు సెన్సార్లే. అవి తప్పు చెబితే కంప్యూటరు లెక్క కూడా తప్పుతుంది.

సెన్సార్లు ఏం చెబుతాయి?

ముఖ్యమైనవి ఇవి:

1. థ్రాటిల్ పొజిషన్ సెన్సారు: యాక్సిలరేటర్ ఎంత తెరుచుకుందో చెబుతుంది. చాలా బండ్లలో మూసినప్పుడు అర వోల్టు దగ్గర, పూర్తిగా తెరిస్తే నాలుగు నాలుగున్నర వోల్టుల దగ్గర ఉంటుంది.

2. మ్యాప్ సెన్సారు: ఇంజన్‌కు గాలి వెళ్ళే గొట్టంలోని ఒత్తిడిని కొలుస్తుంది. బయట గాలి ఒత్తిడి సుమారు 100 కిలోపాస్కల్. ఇంజన్ స్లోలో తిరుగుతున్నప్పుడు లోపల సుమారు 30 నుంచి 40 ఉంటుంది. కొన్ని బండ్లలో దీనికి బదులు లోపలికి పోయే గాలి బరువును నేరుగా కొలిచే మాఫ్ సెన్సారు ఉంటుంది.

3. కూలెంట్ టెంపరేచర్ సెన్సారు: ఇంజన్ నీళ్ళ వేడిని చెబుతుంది.

4. ఆక్సిజన్ సెన్సారు: పొగ గొట్టంలో మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి మిశ్రమం లీనా, రిచ్చా అని చెబుతుంది. మామూలు రకంలో వోల్టేజి 0.1 నుంచి 0.9 మధ్య అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. దీన్ని బాష్ కంపెనీ తయారుచేయగా, 1976లో వోల్వో కార్లలో మొదటిసారి వాడారు.

5. క్రాంక్ సెన్సారు: ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోంది, పిస్టన్ ఎక్కడుంది అనేది చెబుతుంది.

లైటు భాష

తాళం చెవి తిప్పి, ఇంకా సెల్ఫ్ కొట్టకముందు ఇంజన్ లైటు వెలగాలి. స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. పాత కారు కొనేటప్పుడు ముందు దీన్ని చూడండి. తాళం తిప్పినప్పుడు అసలు వెలగకపోతే బల్బు పోయి ఉండాలి, లేదా జబ్బు దాచడానికి ఎవరో పీకేసి ఉండాలి.

నడుస్తుండగా లైటు నిలకడగా వెలిగితే, తప్పు నమోదైందని అర్థం. టెంపరేచర్ ముల్లు, ఆయిల్ లైటు మామూలుగా ఉంటే మెల్లగా నడుపుకుని షెడ్డుకు వెళ్ళవచ్చు. కానీ అదే లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే సిలిండర్లో మంట బాగా తప్పుతోందని అర్థం. మండని పెట్రోలు పొగ గొట్టంలోకి పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది, అది ఎర్రగా కాలి పాడవుతుంది. కాబట్టి వెంటనే రేసు తగ్గించి పక్కకు ఆపాలి. ప్లగ్గుతోనో కాయిల్‌తోనో పోయే ఖర్చు కన్వర్టర్ దాకా పాకేది ఇక్కడే.

కోడు చదవడం

అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి ఓబీడీ-2 పద్ధతి తప్పనిసరి అయింది. మన దేశంలో భారత్ స్టేజ్-4 నిబంధనలతో 2010లో ఓబీడీ మొదటి దశ, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ వచ్చాయి. అంతకుముందు ఇంజెక్షన్ బండ్లలో ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. కొన్నింటిలో లైటు ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టి కోడు తెలుసుకోవాలి. దానికి ఆ బండి పుస్తకమే దిక్కు.

ఓబీడీ-2 బండిలో స్టీరింగ్ కింద 16 పిన్నుల కప్లర్ ఉంటుంది. స్కానర్ దానికి పెట్టాలి. షెడ్డులో పెద్ద స్కానర్ లేకపోయినా, సెల్ ఫోనుకు బ్లూటూత్ మీద కలిసే ఈఎల్ఎం 327 రకం చిన్న అడాప్టర్ మామూలు కోడ్లు చదువుతుంది. స్కానర్‌కు కరెంటే రాకపోతే ముందు ఫ్యూజు చూడండి. 16వ పిన్నులో బ్యాటరీ కరెంటు, 4, 5 పిన్నుల్లో ఎర్త్ ఉండాలి.

కోడులో ఒక అక్షరం, నాలుగు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు పి0171. మొదటి అక్షరం పి అయితే ఇంజన్, గేరుబాక్సుకు సంబంధించినది. బి అయితే బాడీ, సి అయితే బ్రేకుల వంటి కింది భాగాలు, యు అయితే కంప్యూటర్ల మధ్య మాటలు. తర్వాతి అంకె 0 అయితే అన్ని కంపెనీలకూ ఒకటే అర్థం, 1 అయితే ఆ కంపెనీ సొంత కోడు. మూడో స్థానంలో 1 ఉంటే గాలి-పెట్రోలు, 2 ఉంటే ఇంజెక్టర్ సర్క్యూట్లు, 3 ఉంటే నిప్పురవ్వ లేదా మిస్ ఫైర్, 4 ఉంటే పొగ నియంత్రణ, 5 ఉంటే వేగం, స్లో. ఈ నాలుగు ముక్కలు నోటికి వస్తే తెలియని కోడు ఎదురైనా ఏ దిక్కుకు వెళ్ళాలో తెలిసిపోతుంది.

అసలు పాఠం: కోడు సామాను పేరు కాదు

మిత్రులారా, ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి. జ్వరం జబ్బు పేరు కాదు, లోపల ఏదో ఉందని చెప్పే గుర్తు. కోడు కూడా అంతే. "ఇక్కడ నాకు లెక్క కుదరలేదు" అని కంప్యూటరు చెబుతోంది. ఎందుకు కుదరలేదో మనమే తేల్చాలి.

పి0171 అంటే 'మిశ్రమం మరీ లీన్‌గా ఉంది' అని. ఈ కోడు రాగానే ఆక్సిజన్ సెన్సారు మార్చేవాళ్ళు చాలామంది. కానీ చాలాసార్లు ఆ సెన్సారు నిజమే చెబుతోంది! నిజం చెప్పినవాడిని తీసేసి కొత్తవాడిని పెడితే వాడూ అదే చెబుతాడు. లీన్ కావడానికి ఉండే కారణాలు చూడండి: గాలి గొట్టం పగలడం, పెట్రోలు పంపు బలహీనపడటం, ఫిల్టర్ మూసుకుపోవడం, ఇంజెక్టర్లు పట్టేయడం, మాఫ్ సెన్సారుకు దుమ్ము పట్టడం. ఆక్సిజన్ సెన్సారుకు ముందు పొగ గొట్టం కారినా బయటి గాలి లోపలికి లాగి సెన్సారుకు లీన్‌గా కనిపిస్తుంది. ఆఖరికి ప్లగ్గు మండకపోయినా, వాడని ఆక్సిజన్ పొగలోకి వస్తుంది కాబట్టి లీన్ అనే కనిపిస్తుంది.

మరి ఎలా విడదీయాలి? స్కానర్‌లో 'ఫ్యూయల్ ట్రిమ్' అనే అంకె ఉంటుంది. కంప్యూటరు తన లెక్క కంటే ఎంత శాతం పెట్రోలు ఎక్కువ పోస్తోందో, తక్కువ పోస్తోందో అది చెబుతుంది. షార్ట్, లాంగ్ అని రెండుంటాయి, రెండూ కలిపి చూడాలి. మొత్తం 10 శాతం లోపల అటూ ఇటూ ఉంటే సాధారణంగా బాగున్నట్టే. ప్లస్ 20, 25 దాకా వెళ్తే బండి లీన్‌తో పోరాడుతోందన్నమాట.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. మాఫ్ సెన్సారు ఉన్న ఇంజన్ స్లోలో 100 వంతుల గాలి పీలుస్తోంది అనుకుందాం. పగిలిన గొట్టం నుంచి లెక్కలోకి రాని గాలి 20 వంతులు వస్తోంది. తేడా 20 శాతం. రేసు పెంచితే ఇంజన్ 500 వంతులు పీలుస్తుంది, పగులు నుంచి వచ్చేది ఇంచుమించు ఆ 20 వంతులే. తేడా 4 శాతానికి దిగుతుంది. అంటే స్లోలో ట్రిమ్ ఎక్కువగా ఉండి, 2,500 ఆర్‌పీఎం దగ్గర తగ్గితే గాలి లాగుతోందని అనుమానించాలి. స్లోలో బాగుండి, లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరిగితే పెట్రోలు చాలడం లేదని, అంటే పంపు, ఫిల్టర్ వైపు వెళ్ళాలని అర్థం. మాఫ్ సెన్సారుకు దుమ్ము పట్టినా ఇలాగే కనిపించవచ్చు కాబట్టి పెట్రోలు ప్రెషర్ కొలిచాకే పంపు విప్పాలి.

ఒక హెచ్చరిక. మ్యాప్ సెన్సారు మాత్రమే ఉన్న చిన్న కార్లలో ఈ గుర్తు ఇంత స్పష్టంగా రాదు. దొంగచాటుగా వచ్చిన గాలి కూడా ఒత్తిడి పెంచుతుంది, మ్యాప్ దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. అందువల్ల ట్రిమ్ పెద్దగా మారకుండా స్లో స్పీడ్ పెరిగిపోవచ్చు. బండికి ఏ సెన్సారు ఉందో ముందు చూసుకుని తర్వాత లెక్క వేయాలి.

మేము పనిచేసే షెడ్డుకు ఒక టాక్సీ వచ్చింది. పి0171 కోడు, తొక్కగానే తడబాటు. అంతకుముందు వేరేచోట ఆక్సిజన్ సెన్సారు మార్చారు, తర్వాత పెట్రోలు పంపు మార్చారు. లైటు మళ్ళీ వచ్చింది. అప్పటికి ఎనిమిది రోజులు బండి బాడుగకు వెళ్ళలేదు, ఆ నెల వాయిదా కట్టడానికి ఆ అన్న అప్పు వెతుక్కుంటున్నాడు. ట్రిమ్ చూస్తే స్లోలో ప్లస్ 18, రేసులో ప్లస్ 5. మాఫ్ సెన్సారుకు, థ్రాటిల్‌కు మధ్య ఉన్న రబ్బరు గొట్టాన్ని విప్పి వంచి చూస్తే అడుగు భాగంలో ముడతల మధ్య చీలిక. ఇంజన్ మౌంటింగ్ అరిగిపోవడం వల్ల తొక్కినప్పుడల్లా ఇంజన్ ఊగి, చీలిక నోరు తెరుస్తోంది. పైనుంచి చూస్తే కనిపించదు. గొట్టం, మౌంటింగ్ మార్చాక ట్రిమ్ ప్లస్ 3కు వచ్చింది, తడబాటు పోయింది. పరీక్షకు పట్టింది అరగంట. ఊహకు పట్టింది ఎనిమిది రోజుల కూలి.

'హై' అంటే వేడి కాదు

పి0118 కోడు పేరులో కూలెంట్ టెంపరేచర్ 'హై' అని ఉంటుంది. అది చదివి బండి వేడెక్కుతోందని రేడియేటర్ విప్పేవాళ్ళున్నారు. ఇక్కడ హై అంటే వోల్టేజి హై.

మనం పదో తరగతిలో చదివిన ఓమ్ నియమంతో దీన్ని చూద్దాం. కంప్యూటరు తన లోపలి నిరోధం గుండా 5 వోల్టులు పంపుతుంది. సెన్సారు నిరోధం చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, వేడెక్కేకొద్దీ తక్కువ. లోపలి నిరోధం 2,500 ఓంలు అనుకుందాం. చల్లని ఇంజన్లో సెన్సారు కూడా 2,500 ఓంలు ఉంటే వోల్టేజి సగం, అంటే 2.5. వేడెక్కి 300 ఓంలకు దిగితే 5ను 300తో గుణించి 2,800తో భాగిస్తే దాదాపు 0.54 వోల్టు. వైరు తెగిపోతే కరెంటు పారదు, పూర్తిగా 5 వోల్టులు కనిపిస్తాయి. కంప్యూటరుకు అది గడ్డకట్టే చలిలా తోస్తుంది. కాబట్టి పి0118 అంటే వైరు తెగిందో, కప్లర్ ఊడిందో, సెన్సారు లోపల తెగిందో అని.

ఏది పోయిందో తేల్చడం సులభం. రెండు వైర్లున్న టెంపరేచర్ సెన్సారు కప్లర్ ఊడదీసి, వైరు వైపు ఉన్న రెండు పిన్నులను చిన్న వైరుతో కలపండి. స్కానర్‌లో ఉష్ణోగ్రత ఒక్కసారిగా గరిష్ఠానికి పోతే వైర్లు, కంప్యూటరు బాగున్నట్టు, సెన్సారే పోయినట్టు. మార్పు రాకపోతే వైరు వెతకాలి. మూడు వైర్ల సెన్సార్ల మీద మాత్రం ఈ పని ఎప్పుడూ చేయకూడదు. 5 వోల్టుల వైరు ఎర్త్‌కు తగిలితే మిగతా సెన్సార్లు కూడా పడుకుంటాయి.

ఇందులోంచే ఇంకో సూత్రం వస్తుంది. సంబంధం లేని నాలుగైదు సెన్సార్ల కోడ్లు ఒకేసారి వస్తే, అన్నీ ఒకే రోజు పాడవవు. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న 5 వోల్టుల లైను, ఎర్త్, బ్యాటరీ చూడాలి.

మిస్ ఫైర్ కోడ్లు

పి0300 అంటే ఏ సిలిండర్ అని తేలని మిస్ ఫైర్. పి0301 అంటే ఒకటో సిలిండర్, పి0302 అంటే రెండోది, అలా. పి0301 వచ్చిందనుకుందాం. ఒక్కో ప్లగ్గుకు ఒక్కో కాయిల్ ఉన్న బండైతే, ఇంజన్ ఆపి ఒకటో కాయిల్‌ను మూడోదానికి, మూడోదాన్ని ఒకటోదానికి మార్చండి. కోడు చెరిపి నడపండి. ఇప్పుడు పి0303 వస్తే కాయిల్‌తోపాటు జబ్బు కదిలింది, కాయిల్ పోయింది. మళ్ళీ పి0301 వస్తే కాయిల్ మంచిదే. ప్లగ్గును ఇలాగే మార్చి చూడాలి, తర్వాత ఇంజెక్టర్, ఆఖరున కంప్రెషన్. ఒక్క రూపాయి సామాను కొనకుండానే జవాబు దొరుకుతుంది.

ప్లగ్గు రంగు కూడా మాట్లాడుతుంది. లేత గోధుమ రంగు మంచిది. పొడి నల్లమసి ఉంటే రిచ్, తెల్లగా కాలి ఉంటే లీన్ లేదా అధిక వేడి, నూనె తడి ఉంటే ఆయిల్ పైకి వస్తోంది.

లైటు వెలగకపోయినా తడబడితే?

కంప్యూటరుకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటితేనే లైటు వేస్తుంది. దానికి లోపల ఉన్న జబ్బు కనిపెట్టడం మన పని. అప్పుడు "ఎప్పుడు తడబడుతోంది?" అని యజమానిని అడగాలి.

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మాత్రమే అయితే టెంపరేచర్ సెన్సారు తప్పు చెబుతూ ఉండవచ్చు. రాత్రంతా ఆగిన బండిలో తాళం తిప్పి స్కానర్ చూస్తే, నీళ్ళ ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత దాదాపు ఒకటే ఉండాలి. నీళ్ళు 60 డిగ్రీలని చూపిస్తే అది అబద్ధం.

వేడెక్కాక మాత్రమే అయితే కాయిల్, క్రాంక్ సెన్సారు చూడాలి. ఎత్తు ఎక్కేటప్పుడు, నిండా జనం ఉన్నప్పుడు అయితే పెట్రోలు ప్రెషర్ కొలవాలి. చాలా బండ్లలో సుమారు 3 బార్ ఉంటుంది, కచ్చితమైన అంకె బండి పుస్తకంలో చూడాలి. మూసుకుపోయిన కన్వర్టర్ కూడా ఇలాగే చేస్తుంది. వానలో అయితే ప్లగ్గు వైర్లు, వాటి టోపీలు. గతుకుల్లో అయితే వదులు కప్లర్లు, ఎర్త్. తొక్కిన మొదటి క్షణమే అయితే థ్రాటిల్ మసి, గాలి గొట్టం, థ్రాటిల్ సెన్సారు.

థ్రాటిల్ సెన్సారుకు మల్టీమీటర్ పెట్టి థ్రాటిల్‌ను చాలా మెల్లగా తెరవాలి. వోల్టేజి సాఫీగా పెరగాలి. మధ్యలో ఒకచోట పడిపోయి మళ్ళీ లేస్తే అక్కడ ట్రాక్ అరిగింది. ముల్లు మీటరైతే ఈ పడటం ఇంకా బాగా కనిపిస్తుంది. యాక్సిలరేటర్ కేబుల్ లేని ఎలక్ట్రానిక్ థ్రాటిల్ మీద మాత్రం వేలు పెట్టకూడదు, స్కానర్‌లోనే చూడాలి.

మేము పాటించే క్రమం

1. యజమాని చెప్పింది పూర్తిగా వినాలి. ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు అని అడగాలి.
2. కోడ్లు కాగితం మీద రాసుకోవాలి. 'ఫ్రీజ్ ఫ్రేమ్' కూడా రాసుకోవాలి. తప్పు నమోదైన క్షణంలో వేగం, వేడి, లోడు ఎంతో అందులో ఉంటుంది.
3. ఇవి రాయకముందు కోడు చెరపకూడదు, బ్యాటరీ వైరు తీయకూడదు. చాలా బండ్లలో ఆ సమాచారం పోతుంది.
4. కళ్ళతో చూడాలి. గొట్టాలు, కప్లర్లు, ఎలుక కొరికిన వైర్లు, ఎయిర్ ఫిల్టర్.
5. బ్యాటరీ, ఎర్త్ చూడాలి. ఆగి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.5 దాకా. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజన్ బాడీకి, బ్యాటరీ మైనస్‌కు మధ్య అర వోల్టు మించితే ఎర్త్ బాగా లేదు.
6. స్కానర్‌లో నడుస్తున్న అంకెలు చూడాలి.
7. అనుమానించిన భాగాన్ని పరీక్షించి రుజువయ్యాకే మార్చాలి.
8. కోడు చెరిపి, జబ్బు వచ్చిన పరిస్థితిలోనే నడిపి చూడాలి.

జాగ్రత్తలు

నడుస్తున్న ఇంజన్ మీద ప్లగ్గు వైరు పీకకూడదు. వేల వోల్టుల షాకు కొడుతుంది, కాయిల్, కంప్యూటరు కూడా పాడవుతాయి. గాలి కారుతోందని కనిపెట్టడానికి వేడి ఇంజన్ మీద పెట్రోలు, క్లీనర్ చిమ్మకూడదు, నిప్పంటుకుంటుంది. చెవి దగ్గర రబ్బరు గొట్టం పెట్టుకుని వింటే బుస్ మనే చోటు తెలుస్తుంది. పెట్రోలు పైపు విప్పేముందు ప్రెషర్ తగ్గించాలి. చున్నీ, వదులు చొక్కా ఫ్యానుకు, బెల్టుకు దూరంగా ఉండాలి. మూసిన షెడ్డులో ఇంజన్ నడపకూడదు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

కొత్త పెట్రోలు, పాత బండి

20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై, 2025కు దేశమంతటా ఆ స్థాయికి చేరింది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి కిలో ఇథనాల్ మండటానికి సుమారు 9 కిలోల గాలి చాలు. అంటే అంతే గాలికి కాస్త ఎక్కువ ఇంధనం పోయాలి. ఇంజెక్షన్ బండి ట్రిమ్ కొన్ని శాతం పెంచి సర్దుకుంటుంది. ముందే అంచు మీద ఉన్న పాత బండికి ఆ కొన్ని శాతమే లైటు వెలిగించవచ్చు. ఇథనాల్ నీటిని కూడా పీల్చుకుంటుంది. దానికోసం తయారుకాని పాత రబ్బరు పైపులు, సీళ్ళు త్వరగా పాడవుతాయి. అందుకే పాత బండ్లలో పెట్రోలు పైపులు తరచుగా చూడాలి, వాడని బండిలో నెలల తరబడి పెట్రోలు నిలవ ఉంచకూడదు.

తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు రెండు మాటలు

పాత కారు మన దగ్గరికి తెచ్చేవాడు సాధారణంగా డబ్బున్నవాడు కాదు. ఒక్కో తప్పు ఊహ అతని పిల్లల ఫీజులోంచి, ఇంటి సరుకుల్లోంచి పోతుంది. పరీక్షించి చెప్పే మెకానిక్ మాటకు ఊళ్ళో విలువ ఉంటుంది. మళ్ళీ బండి అతని దగ్గరికే వస్తుంది. కోడ్లు ఇంగ్లీషులో ఉంటాయని భయపడవలసిన పని లేదు. ఆ మాటలు ఒక యాభై ఉంటాయి, ఒక నోటుబుక్కులో తెలుగు అర్థంతో రాసుకుంటే నెల రోజుల్లో వచ్చేస్తాయి. ఓమ్ నియమం, శాతాలు, దహన చర్య మనకు బడిలో చెప్పినవే. ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు రెండేళ్ళు. చెల్లెళ్ళు కూడా చేరవచ్చు. మల్టీమీటర్‌కు ఆడ, మగ తేడా తెలియదు.

అభ్యాసం

1. పి0171 వచ్చింది. స్లోలో ట్రిమ్ ప్లస్ 2, ఎత్తు ఎక్కేటప్పుడు ప్లస్ 22. మొదట ఏం కొలుస్తారు?
2. పి0302 వచ్చింది. రెండో కాయిల్‌ను నాలుగో సిలిండర్‌కు మార్చాక కూడా పి0302 వచ్చింది. కాయిల్ మార్చాలా?
3. టెంపరేచర్ సెన్సారు కప్లర్ ఊడిపోతే ఏ కోడు వస్తుంది?
4. లైటు ఆరుతూ వెలుగుతోంది. ఇంటికి 20 కిలోమీటర్లుంది. ఏం చేస్తారు?

జవాబులు: 1. పెట్రోలు ప్రెషర్, లోడు మీద. 2. అక్కరలేదు, ప్లగ్గు, తర్వాత ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి. 3. పి0118. 4. రేసు తగ్గించి పక్కకు ఆపి, మెకానిక్‌ను పిలుస్తాం.

నాలుగూ సరిగ్గా చెప్పినవాళ్ళు ఈ సెలవుల్లో మా షెడ్లకు రండి. మల్టీమీటర్ పట్టుకోవడం దగ్గరుండి నేర్పిస్తాం.

మీ పూర్వ విద్యార్థులు